ముఖేష్‌కి బదులు

పులికాట్ సరస్సు ఒడ్డు, సాయంత్రం. గాలి పెరుగుతోంది. నీళ్లవైపు చూస్తూ నిలబడ్డ స్వర్ణ దగ్గరికి మరిది ముఖేష్ బండి దిగి వచ్చాడు.

"ముఖేషా! నువ్వేనా? దేవుడా, నువ్వు పడవలో లేవా?"

"లేను వదినా. ఏడవబాక. పడవలన్నీ వచ్చేసినాయా?"

"ఒక్కటి రాలా. ముత్యాలయ్య మామ పడవ. ఈరోజు వేటకి నీ వంతుండే పడవే! మజ్జానం నించి పోలేరమ్మకి మొక్కతా ఉండా, నా మరిది తిరిగొస్తే చాలని. నువ్వేమో బండి దిగతా ఉండావు!"

"సూళ్లూరుపేటలో వాలీబాల్ ఫైనల్ వదినా. నేను లేకపోతే టీమే లేదు. అందుకని... సబ్‌స్టిట్యూట్‌ని పెట్టినా."

"ఏంది పెట్టినావు?"

"సబ్‌స్టిట్యూట్. ఆటలో ఒకరు ఆడలేకపోతే, బెంచీ మీద కూర్చోనుండే ఇంకొకరు వాళ్లకి బదులు దిగతారే, అది."

"ఓ, అదా. మన పాప ప్రత్యూష స్కూలు టీములో అదే గదా. పాపం, కూర్చోనే ఉంటది, ఒక్కరోజూ దించరు."

"వదినా, గాలి ఎక్కువైంది. నరేంద్రబాబన్న ఇంజను పడవ తీస్తాడేమో అడుగుదాం, పా."

"ఉండు. నీ వంతుకి ఇంటి మనిషే గదా పోవాల? బయటోళ్లని ఎక్కించుకోరే. ఊరి కట్టుబాటు గదా."

"అవును. ఇంటి మనిషే."

"మీ అన్నకి జొరం. ఇప్పుడే గంజి తాపించి వస్తి. ఇంకెవురుండారు?"

"పా వదినా, నీకు దండం పెడతా. ముందు పడవ సంగతి..."

"మనింట్లో మగోళ్లు మీరిద్దరే."

"ఇంటి మనిషి అనే గదా కట్టుబాటు. మగోళ్లే అని ఎవురూ అన్లా."

"ఏం మాట్లాడతా ఉండావురా? ప్రత్యూషకీ ఈరోజు అక్కడే మ్యాచి గదా. పొద్దున్నే బూట్లేసుకోని నీ బండెక్కింది. నేనే గదా టిఫిను కట్టిచ్చినా."

"నరేంద్రబాబన్న ఇంట్లోనే ఉంటాడు, పా వదినా."

"ముఖేషా, అది సూళ్లూరుపేటలోనే గదా ఉండేది? చెప్పరా! నోరు తెరిచి చెప్పు!"

"రేవు కాడే దిగేసింది వదినా. నా చొక్కా ఏసుకోని, తలకి తువ్వాల చుట్టుకోని పడవెక్కింది. నేను వద్దనే అన్నా. 'ఆటలో నన్నెట్టాగూ దించరు బాబాయ్, నీకు బదులన్నా పోనియ్' అనింది."