ఒక్క తూటాకి ఐదుగురు

దసరా నాడు షికాగో పక్కన నేపర్‌విల్‌లో దివాకర్ ఇంట ఆయుధ పూజ ఘనంగా జరిగింది. లాప్‌టాప్‌లకీ కారు తాళాలకీ బొట్లు పెట్టాక, దివాకర్ ఊరుకోకుండా పక్కవీధి వెంకటస్వామి చంకకర్రలకి కూడా కుంకుమ అద్ది, "అన్నయ్యా, మీ ఆయుధాలివేగా!" అన్నాడు. చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు చచ్చుబడ్డ వెంకటస్వామికి ఆ మాట చురుక్కుమంది. భోజనాలయ్యాక పెరట్లోని చెక్క డెక్ మీద కుర్చీలో సర్దుకుని, అందరికీ వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే దసరాకి పూజలో నా పిస్టల్ పెడతాను, చూస్కోండి. పోయిన నెల గ్రోసరీ పార్కింగ్‌లో ఏమైందో తెలుసా? ఒకడు నా ఫోన్ మీద చెయ్యేశాడు. నేను అరవలా, కరవలా. ఒక్క చూపు చూశాను. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు."

"ఉత్త చూపుకే?" అన్నాడు దివాకర్ బజ్జీ కొరుకుతూ.

"ఆగవయ్యా, వాడొక్కడా? వెనక వ్యాన్‌లోంచి ఇంకో నలుగురు దిగారు, ఒక్కొక్కడూ ఆ తలుపంత ఉన్నాడు. అప్పుడు తీశాను పిస్టల్. ఒక్కటే తూటా! అది మొదటివాడి టోపీ ఎగరగొట్టి, రెండోవాడి బెల్టు తెంపి, వాడు ప్యాంటు పట్టుకునేలోపు మూడోవాడి షూ లేసులు విప్పేసి, మిగతా ఇద్దరి చెవుల పక్కనించి దూసుకుపోయి, లైటు స్తంభానికి తగిలి వెనక్కి తిరిగి..."

"మళ్ళీ పిస్టల్‌లోకే దూరిందా?"

"నీకెవరు చెప్పారు? అక్షరాలా అదే జరిగింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదుగురూ 'అంకుల్, అంకుల్' అంటూ కాళ్ళ మీద పడ్డారు. మన సోనా మసూరి బస్తాలు వాళ్ళ చేతే కార్లో పెట్టించాను. షెరీఫ్ హెలికాప్టర్‌లో దిగి, మా పోలీసులకి ట్రైనింగ్ ఇవ్వండి సార్ అని గడ్డం పట్టుకున్నాడు. ఆ వారమంతా షికాగోలో ఎవరూ తలుపులకి గడియ పెట్టలేదు! ఇక నేనంటారా, రోజూ సాయంత్రం అదిగో, ఆ చెరువు చుట్టూ ఒక్కణ్ణే తిరుగుతున్నాను. బాతులు లేచి దారిస్తాయి. నీళ్ళ మీద ఎండ పడుతూంటే... ఎంత బాగుంటుందో."

డెక్ అంతా గొల్లుమంది. వెంకటస్వామి భార్య ఉష మాత్రం నవ్వలేదు. నెలనుంచీ అతను చెరువు వైపుకే వెళ్ళలేదని ఆమెకి తెలుసు.

దివాకర్ కూతురు ఇషా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ముద్దుముద్దు తెలుగులో అడిగింది: "అంకుల్, మీ టూ హ్యాండ్స్ స్టిక్స్ మీద ఉంటాయి కదా. గన్ ఏ చెయ్యితో తీసారు?"

వెంకటస్వామి కాయలు కాచిన అరచేతుల వంక చూసుకున్నాడు.

"తీయలేదమ్మా. వచ్చింది ఒక్కడే. తోశాడు, పడ్డాను, ఫోన్ పట్టుకుపోయాడు. కాలు జారి పడ్డానని మీ ఆంటీకి చెప్పాను. మొన్న తుపాకీ కొందామని షాపుకి వెళ్తే, నిలబడి గురి చూడమన్నారు. కర్ర వదిలితే పడిపోతాను, వదలకపోతే తుపాకీ తీయలేను. అక్కడే పెట్టేసి వచ్చాను. అయినా కొనాలా వద్దా అని రోజూ కొట్టుమిట్టాడుతున్నాను. ఎవణ్ణో కాల్చాలని కాదమ్మా. ఇదివరకటిలా ఒక్కణ్ణే ఆ చెరువు చుట్టూ తిరిగి రావాలని ఉంది. ప్రాణం కొట్టుకుపోతోంది."

"నేను వస్తాను అంకుల్. ఎవ్రీ డే."

"నువ్వొస్తే నేను ఒక్కణ్ణెలా అవుతానమ్మా?"

ఉష లేచి కర్రలు అందించింది. "ఎండ ఇంకా ఉంది. వెళ్ళి రండి." దివాకర్ చెప్పులు వెతుక్కుంటూంటే, "నువ్వు కూర్చో దివాకర్," అంది.

వెంకటస్వామి మెల్లిగా దారి పట్టాడు. ఎదురుగా ఎవరో కుర్రాడు పరుగెత్తుకుంటూ వస్తుంటే గడ్డి మీదికి జరిగి ఆగిపోయాడు. వాడు చెయ్యూపి పక్కనించి వెళ్ళిపోయాడు. మలుపు దగ్గర, అందరూ తననే కనిపెట్టుకుని చూస్తున్నారేమోనని ఉండబట్టలేక వెనక్కి చూశాడు.

డెక్ మీద కుర్చీలన్నీ ఇంటి వైపుకి తిప్పేసి ఉన్నాయి. ఉషతో సహా అందరి వీపులే కనిపించాయి.