రేపటి పిట్టకి మొన్నటి తూటా

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు తాతయ్యా. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. నేను కొట్టింది ఒకే ఒక్క పిట్ట," అన్నాను.

తాతయ్య నిజానికి ఏమీ అడగలేదు. ఆయన పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. వీధులన్నీ తిరిగిన కాళ్ళు కదా, సాయంత్రమయ్యేసరికి వాటంతటవే టీ కొట్టు బల్ల దగ్గరికి వచ్చేస్తాయి. ప్యాంటు మీద పడ్డ టీ చుక్కని రుద్దుకుంటూ, ఈ సాసరు మళ్ళీ కారుతోందమ్మా అని లోపలికి చెప్తున్నాడు. ఆయన పక్కన సైకిల్ బాబాయి, వేళ్ళకి గ్రీజు. మెట్టు మీద దర్జీ అన్న, మెడలో టేపు. చూసేవాళ్ళకి నేను ఈ ముగ్గురికీ కథ చెప్తున్నట్టే ఉంటుంది. కాదు. స్టవ్వు వెనక నిలబడి పాలు పొంగకుండా కాపలా కాస్తున్న కొట్టు అమ్మాయికి చెప్తున్నాను.

సంగతేమిటంటే, మర్నాడు పొద్దున రోడ్డవతల షూటింగ్ క్లబ్బులో కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి పందెం. నాకది మొదటి పందెం. ఆ అమ్మాయి వచ్చి చూడాలి, అదొక్కటే నా కోరిక. రమ్మని అడిగే ధైర్యం లేక, రేపు పొద్దున కొట్టు తెరుస్తారా అని అడిగాను. రేపటి సంగతి రేపు చూద్దాం అంది. ఆ మాటకి అర్థం వెతుక్కుంటూ మధ్యాహ్నం మా అద్దాల షాపులో ఒక అద్దాన్ని అడ్డంగా కోయబోయి ఐమూలగా కోసేశాను. మా ఓనరు నన్నూ ఆ అద్దాన్నీ మార్చి మార్చి చూశాడు.

దర్జీ అన్నకి అనుమానం వచ్చింది. పిట్టల్ని కొట్టడం పాపం కాదట్రా అద్దాలబ్బాయ్ అన్నాడు. ప్రాణమున్న పిట్ట కాదన్నా, నీ గ్లాసు కింద ఉన్నదే ఆ పిట్ట అన్నాను. మట్టి పిట్ట అంటారు గానీ దానికి ముక్కూ రెక్కలూ ఉండవు. నారింజ రంగులో చిన్న సాసరులా ఉంటుంది. మనం తుపాకి పట్టుకుని 'పుల్' అని అరిస్తే, గుంతలో ఉన్న మిషను దాన్ని ఆకాశంలోకి విసురుతుంది. అది కింద పడేలోపు, తూటాలోంచి చెదిరే ఆవగింజలంత గుళ్ళతో గాల్లోనే పగలగొట్టాలి. తగలనివి గడ్డిలో పడతాయి. అందులో పగలకుండా మిగిలినవాటిని కొట్టు అమ్మాయి సంచిలో ఏరుకొచ్చి, కడిగి, గ్లాసుల కింద పెడుతుంది. మా కోచ్ మేడం ఆ అమ్మాయికి సొంత పెద్దమ్మే, కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

"ఎవడో పాపం, కళ్ళు మూసుకుని కాల్చి ఉంటాడు. వాడి చేతకానితనం వల్ల మనకి సాసర్లు దొరికాయి," అని జాలి పడ్డాను.

లోపల గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

అసలు నేను అక్కడికి తుపాకి కోసం వెళ్ళలేదు. వడగళ్ళకి క్లబ్బు కిటికీ పగిలితే అద్దం బిగించడానికి వెళ్ళాను. నిలువెత్తు అద్దం రెండు చేతుల్లో పట్టుకుని గడ్డి మీద నడిచి వస్తుంటే, మేడం మెట్ల మీద నిలబడి చూసింది. మనిషి గుమ్మం పైకి తల తగిలేంత పొడుగు, మాట మాత్రం పొట్టి. నేను అద్దం దించాక, ఆ నడక ఎవరు నేర్పారు అంది. ఎవరూ నేర్పలేదు మేడం, పగిలితే ఓనరు తిడతాడు అన్నాను. అయితే తుపాకి కూడా పట్టుకుంటావు, షాపు సెలవు రోజున రా అంది. ఆ రోజు క్లబ్బుకీ సెలవే. మైదానం మొత్తం మీద ఆవిడా, నేనూ, గడ్డీ. నేను దేనికైనా పనికొస్తానని అంతవరకూ ఒక్కళ్ళూ అనలేదు. ఆ మాట దగ్గరే ఆగితే కథ పాడవుతుంది కాబట్టి వెంటనే గొంతు పెంచాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్తావుగా," అన్నాడు బాబాయి.

చెప్పాను. మొదట తుపాకే ఇవ్వలేదు. ఇంటికెళ్ళి కర్రతో సాధన చెయ్యమంది. చెంప తుపాకి దగ్గరికి వెళ్ళకూడదు, తుపాకే చెంప దగ్గరికి రావాలి. కళ్ళు మూసుకుని ఎత్తు, చెంపకి ఆనాక కళ్ళు తెరువు, కన్ను సూటిగా ఉందో లేదో అద్దంలో చూసుకో అంది. అద్దాల షాపులో పనిచేసేవాడికి అద్దం కరువా? షాపు మూసే ముందు ఫ్రేముల కర్ర ఒకటి తీసుకుని నాలుగు గోడల మధ్య నిలబడ్డాను. నేను ఎత్తితే ఎన్ని అద్దాలుంటే అంతమంది నేనులూ ఎత్తారు. ఒక పటాలం లెక్క. ఎత్తగా ఎత్తగా నా చెయ్యి ఎంత వేగం పుంజుకుందంటే, మూల అద్దంలో ఉన్నవాడు నాతో సమానంగా ఎత్తలేక వెనకబడ్డాడు. నేను కర్ర దించేశాను, వాడింకా ఎత్తుతున్నాడు. వాణ్ణి పక్కకి పిలిచి మెల్లగా చెప్పాను, రేపట్నుంచి పెందలాడే రమ్మని.

"వచ్చాడా?" అన్నాడు దర్జీ అన్న.

"సిగ్గుపడి రాలేదన్నా. ఆ అద్దంలో ఇప్పటికీ ఎవరూ కనపడరు."

తాతయ్యకి టీ కొంచెం పొలమారింది. సాసరులోకి తొణికింది, సాసరులోంచి మోకాలి మీదికి కారింది.

తర్వాత టార్చి సాధన. కర్ర చివర టార్చి కట్టి, గోడా పైకప్పూ కలిసే గీత మీద ఆ వెలుగుని ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిపించాలి. గీత దాటకూడదు, మధ్యలో ఆగకూడదు. మా అమ్మ మంచం మీద పడుకుని, బల్లి కనపడిందా నాన్నా అని అడిగేది. ఇంతవరకూ నిజమే. కానీ నా వెలుగు ఎంత తిన్నగా నడిచిందంటే మా ఇంటి గోడ వంకర బయటపడింది. వీధిలో వెళ్తున్న మేస్త్రీ కిటికీలోంచి చూసి లోపలికొచ్చి, బాబూ ఆ వెలుగు అలాగే పట్టుకో అని, తాపీ తీసి గోడ సరిచేసి వెళ్ళాడు అన్నాను.

"మా గోడకీ ఓసారి పట్టరా," అన్నాడు బాబాయి.

లోపల గ్లాసులు కడుగుతున్న చప్పుడు. ఆ అమ్మాయి నవ్విందో లేదో తెలియలేదు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న నీడ పడుతుంది. ఆ నీడ కోసం నేను ఎంత అబద్ధమైనా ఆడగలను.

మైదానంలో అసలు తుపాకి చేతికిచ్చిన రోజున నాకు ఒక్కటీ తగల్లేదు. ఇది మాత్రం పైకి చెప్పలేదు. మేడం నా ముఖానికి ఎదురుగా నిలబడి, వేలు చూపించి, రెండు కళ్ళూ తెరిచి దీన్ని చూడు అంది. చూశాను. నీది కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను పెత్తనం చేస్తోంది, అందుకే తూటా పక్కకి పోతోంది అంది. తన కళ్ళజోడే తీసి, ఎడమ అద్దం మీద గోరంత టేపు ముక్క అంటించి నాకు పెట్టింది. ఆ పూటంతా ఎండకి తను కళ్ళు చికిలించుకుంటూ నిలబడింది. ఇప్పటికీ ఆ జోడు నా దగ్గరే ఉంది, అడగలేదు.

పైకి చెప్పింది వేరు. నా ఎడమ కన్ను మహా బలమైనది, వదిలేస్తే మిషనుకే చిల్లు పడుతుందని మేడం భయపడి టేపు వేసిందన్నాను. ఒక్క పొర చాలక రెండు పొరలు వెయ్యాల్సి వచ్చిందన్నాను.

"మరి ఆ ఒక్క పిట్ట?" అన్నాడు తాతయ్య. పోస్ట్‌మాన్ కదా, చిరునామా మర్చిపోడు.

ఆ ఒక్క పిట్ట. అది మాత్రం దేవుడి మీద ఒట్టు, నిజం. మేడం నా వెనక నిలబడి భుజం ఎముక మీద అరచెయ్యి ఆనించింది. తుపాకిని చూడకు, పిట్టని చూడు, పిట్ట ముందంచుని చూడు అంది. 'పుల్' అన్నాను. పిట్ట లేచింది. తుపాకి ఉందన్న సంగతే మర్చిపోయాను, అంచు ఒక్కటే కనిపించింది, సన్నగా మెరుస్తూ. తర్వాత ఆకాశంలో నారింజ రంగు పొడి, పువ్వు రేకులు విదిలించినట్టు. మేడం చెయ్యి భుజం మీదనుంచి తీసింది. అంతే. బాగుందని కూడా అనలేదు. కానీ ఆ చెయ్యి వెచ్చదనం నా చొక్కా మీద ఇంకా ఉందనిపిస్తుంది.

ముగ్గురూ టీ మర్చిపోయి నా వైపే చూశారు. ఆ చూపు నాకు కొత్త. దాన్ని అలాగే వదిలేసి ఉంటే ఎంత బాగుండేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాను.

పేల్చాక తుపాకి ఆపెయ్యకూడదు, పిట్ట పోయిన దారినే తిప్పుతూ పోవాలని మేడం చెప్పింది. ఎక్కడిదాకా అనేది చెప్పలేదు. కాబట్టి నేను తిప్పుతూనే ఉన్నాను. మైదానం ఒక చుట్టు, రెండో చుట్టు. గాలి లేచింది. క్లబ్బు వెనక ఆరేసిన బట్టలన్నీ ఆరిపోయి, వాటంతటవే మడతలు పడ్డాయి.

"అదా సంగతి. మొన్న నా కొట్లో తగిలించిన చక్రాలన్నీ తిరిగాయి, ఎందుకో అనుకున్నా," అన్నాడు బాబాయి.

"నేనే బాబాయ్."

"నా కత్తెర కూడా నువ్వేనా, కనపడటం లేదు," అన్నాడు దర్జీ అన్న.

నాకు ఊపొచ్చింది. ఇంకో సూత్రం ఉంది తాతయ్యా అన్నాను. ఎగిరే పిట్ట ఉన్నచోట కాల్చకూడదు, అది రాబోయే చోట కాల్చాలి. తూటా వెళ్ళేసరికి పిట్ట అక్కడికొస్తుంది. మొదట్లో జానెడు ముందు కాల్చాను. తర్వాత బారెడు. తర్వాత పిట్ట మిషనులోంచి రాకముందే కాల్చి, తుపాకి భుజాన వేసుకుని, అప్పుడు తీరిగ్గా 'పుల్' అనేవాణ్ణి. అది వచ్చి తగులుకునేది. అక్కడితో ఆగానా? మొన్న సెలవు రోజున, సాయంత్రం ఎండ వాలుతుంటే, ఖాళీ ఆకాశంలోకి గురిచూసి ఒక్కటే కాల్చాను. మేడం, దేన్ని కొట్టావు అంది. పందెం రోజున లేవబోయే మొదటి పిట్టని అన్నాను.

"అంటే?" అన్నాడు తాతయ్య.

"అంటే, ఆ తూటా ఇంకా దార్లో ఉంది. రేపు పొద్దున పిట్ట లేచే టైముకి చేరుతుంది. నేను ఊరికే నిలబడి చూడటమే."

తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఉత్తరాలు కూడా అలా వెళ్ళి ఉంటే నాకు ఇన్ని చెప్పులు అరిగేవి కాదు," అన్నాడు.

ముగ్గురూ నవ్వారు. నేను గర్వంగా లోపలికి చూశాను. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తోంది. నా వైపు రాలేదు. తాతయ్య సాసరు తీసి, మిగిలిన టీ పారబోసి, దాన్ని సాయంత్రపు వెలుగుకి ఎత్తి పట్టింది. మధ్యలో సూది మొనంత చిల్లు, అందులోంచి ఒక వెలుగు చుక్క వచ్చి ఆమె ముఖం మీద పడింది.

"షాపు సెలవు రోజున క్లబ్బులో కాల్చేది నువ్వొక్కడివే కదా?" అంది.

"అవును," అన్నాను. ఇంకా గర్వంగానే.

"నేను ఏరుకొచ్చేది ఆ సాయంత్రాలే. మిగతా రోజుల్లో నాకు ఖాళీ ఉండదు. ఈ కొట్లో ఉన్న సాసర్లన్నీ నీవే."

ఎవరూ నవ్వలేదు, అదే పెద్ద శిక్ష. బల్ల మీద ఉన్న నారింజ రంగు సాసర్లన్నీ ఒక్కసారిగా నా వైపు చూసినట్టయింది. బాబాయి తన గ్లాసు ఎత్తి కింద చూశాడు. దర్జీ అన్న తన సాసరుని మర్యాదగా దగ్గరికి జరుపుకున్నాడు. గోడ బీరువాలో దొంతరలు దొంతరలుగా ఇంకా ఉన్నాయి. నా చేతకానితనం అంతా శుభ్రంగా కడిగి బోర్లించి పెట్టి ఉంది.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ అమ్మాయి అప్పుడే బీరువా అడుగునుంచి ఒకటి తీసుకొచ్చి తాతయ్య సాసరు పక్కన పెట్టింది. ఇది మొదట్లోది, నున్నగా ఉంది చూడు, దీని దరిదాపులకి కూడా నీ తూటా పోలేదు అంది. తర్వాత తర్వాత వాటికి అంచున గీతలు పడ్డాయట. ఈ మధ్యవాటికి చిల్లులు. చిల్లు పడితే పందెంలో లెక్కలోకి రాదు, ముక్క ఊడితేనే లెక్క. నాకా నియమం తెలుసు, కానీ చిల్లులు నావని తెలియదు. దూరం నుంచి చిల్లు కనపడదు కదా. తప్పిపోయిందనుకుని తల దించుకునేవాణ్ణి.

"పెద్దమ్మ ప్రతి సెలవు రోజు సాయంత్రం ఇక్కడికొచ్చి ఇవన్నీ ఇలా వెలుగులో పట్టుకుని చూస్తుంది. చిల్లున్నది దొరికితే ఆ రోజు టీలో చక్కెర ఎక్కువ వెయ్యమంటుంది," అంది.

బాగుందని ఒక్కసారీ అనని మేడం, ఇదే బల్ల మీద కూర్చుని, నా గురి తప్పిన పిట్టల్లో నన్ను వెతుక్కుంటోందన్నమాట. కళ్ళజోడు నాకిచ్చేసి, కళ్ళు చికిలించుకుంటూ. జేబులో ఆ జోడు తడిమి చూసుకున్నాను. టేపు ముక్క అంచు లేచింది. వేలితో అదిమాను. మేస్త్రీ, మూల అద్దంలోవాడు, మడతలు పడ్డ బట్టలు, అన్నీ ఎటో వెళ్ళిపోయాయి. ఒక అరచెయ్యి వెచ్చదనం మాత్రం భుజం మీద మిగిలింది.

"రేపు వస్తావా?" అని అడిగాను. ఇంత చిన్న మాటకి ఇంత కథ ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

ఆ అమ్మాయి చిల్లు సాసరుని కడిగి, తాతయ్యకి నున్నటి దాన్ని ఇచ్చింది. తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వెళ్ళమ్మా, వెళ్ళేటప్పుడు సంచి మర్చిపోకు, కారనివి ఇంకో నాలుగు కావాలి మనకి అన్నాడు.

"వస్తాను. సంచి మాత్రం తేను," అంది.