గడప దగ్గర బియ్యం

హలో… ఆ, నేనేనండీ, మీ నీలవేణిని. పెళ్లయి నలభై రోజులేగా, అప్పుడే గొంతు మర్చిపోయారా?

…సర్లెండి. ట్రైన్ డ్యూటీ దిగి, రెస్టు తీసుకునే రన్నింగ్ రూముకి చేరారా? తిన్నారా? …అచ్ఛా, అయితే కూర్చుని వినండి. మీ మామ్మకి సర్జను దొరికారు.

…నిజంగానే. మన నెహ్రూ నగర్‌లోనే, తనూజ గారని. ఇప్పుడే బయటికొచ్చాం. మామ్మ బెంచీ మీద సమోసా తింటోంది. నడుముకి బెల్టు, చేతిలో సమోసా… మహారాణిలా ఉంది.

…ఏటన్నారా? వెన్నుపూస ఒకటి నలిగిపోయిందట. సూదితో అందులోకి సిమెంటు లాంటిది ఎక్కిస్తారట. దెబ్బ కొత్తదైతేనే ఆ వైద్యం బాగా పనిచేస్తుందట. ఇంకా ఆలస్యమైతే నడుం అలాగే వంగిపోయేదన్నారు.

…అదే కదా. ముందు చూసిన డాక్టర్లిద్దరూ పాత నొప్పే అని బెల్టిచ్చి పంపేశారు. ఎందుకంటే మామ్మే అలా చెప్పింది, పదేళ్ల నుంచీ ఉందని. ఈవిడ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, ఇక్కడి భాషలో అమ్మా అన్నట్టుగా, "దాయీ, ఇది పాతది కాదు. ఎప్పుడు పడ్డావు?" అని అడిగారు.

…మామ్మా? గోడకేసి చూసింది. తర్వాత నాకేసి చూసి నిజం చెప్పింది.

…ఆగండి, చెప్తున్నా. గృహప్రవేశం నాడు గడప మీద బియ్యం చెంబు తన్నాను కదా. …ఆ, ఫుట్‌బాలు తన్నినట్టే. నవ్వండి, నవ్వండి. ఆ గింజలు వంటింటి దాకా పోయాయి. వాటి మీదే జారిందట.

…లేదు, ఎవరూ చూడలేదు. అందరూ మన ఫోటోల గొడవలో ఉన్నారు. తనే లేచి, చీర దులుపుకుని, మనకి పాయసం తెచ్చి పెట్టింది.

…ఎందుకేటండీ. కొత్త కోడలి పాదం మంచిది కాదంటారని. నలభై రోజులు ఆ నొప్పి మింగింది. నా కోసం.

…ఏడవట్లేదు. సమోసా కారం.

…ఆ, అత్తయ్యకి చెప్పొద్దని ఒట్టు వెయ్యమంది. నేను వెయ్యలేదు. డాక్టరు గారు కాయితం మీద రాసేశారు, పడిన తారీకుతో సహా. అత్తయ్య చదవక మానరు. అదేదో నేనే చెప్పేస్తాను, ఇంటికెళ్లగానే.

…అంటే అననివ్వండి. మామ్మ పడింది నా పాదం వల్లే అయితే, ఊరంతా తిరిగి సర్జనుని వెతికింది కూడా ఆ పాదాలే.

…అబ్బో, పొగడ్తలు తర్వాత. రేపు పొద్దున్న ఎనిమిదికి మామ్మని చేర్చాలి. మీరు డ్యూటీ దిగాక క్వార్టరుకి వెళ్లకండి, నేరుగా ఆసుపత్రికే…

ఒక్క నిమిషం, మామ్మ పిలుస్తోంది. ఏటి మామ్మా?

…విన్నారా? రేపు ఆసుపత్రిలోకి ముందు ఏ కాలు పెట్టాలంటోంది. చక్రాల కుర్చీలో తోసుకెళ్తాను, ఏ కాలూ పెట్టక్కర్లేదని చెప్పాను. నడుం పట్టుకుని నవ్వుతోంది పాపం.

సరే, ఆటో వచ్చింది. రేపు ఎనిమిదికి. కుర్చీ తోసేది మీరే. ఉంటాను.