‘మార్పు లేదు’ అని ప్రతి ఉదయం రాసిన సదయ్య గారు

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై నాలుగవ సంవత్సరం, జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం గోదావరిఖని లక్ష్మీనగర్‌లోని మన అమీనా ఆక్సిజన్ ఏజెన్సీస్‌లో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ కొలిపాక సదయ్య గారు, తమకు చూపించిన కుర్చీలో ఆ రోజు సాయంత్రం దాకా కూర్చోనేలేదని యజమాని అస్గర్ గారు నేటికీ చెబుతూ ఉంటారు. ముప్ఫై సంవత్సరాల సేవానంతరం 2014 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న వారి గురించి మన ఏజెన్సీ పత్రిక ఈ సంచికలో నాలుగు మాటలు రాద్దామంటే, వారు స్థిమితంగా కూర్చున్న సందర్భం ఒక్కటీ దొరకడం లేదు. కాలు కాలిన పిల్లిలా తిరగడం వారి స్వభావం. దాన్ని చూసి మనమందరం నవ్వుకున్నవాళ్లమే.

వారి తండ్రి గారు బొగ్గుబావిలో కార్మికుల భద్రత చూసే సర్దారుగా పనిచేశారు. డ్యూటీ దిగే సర్దారు పైకప్పునూ గాలినీ పరీక్షించి, చూసినది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఎక్కే సర్దారు దాన్ని చదివి, తానూ సంతకం పెట్టిన తరువాతనే మనుషులను లోపలికి పంపాలి. ఏమీ మారని రోజున కూడా ‘మార్పు లేదు’ అని రాయవలసిందే. "రాయలేదంటే సూడలేదన్నట్టేరా బిడ్డా" అని తండ్రి చెప్పిన మాట విలువ సదయ్య గారికి తెలిసిరావడానికి యాభై అయిదేళ్లు పట్టింది.

తొలినాళ్లలో వెల్డింగు దుకాణాలకు సిలిండర్లు సరఫరా చేసిన మన సంస్థ, క్రమేణా బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు పాడైన విశ్రాంత కార్మికుల ఇళ్లకు ప్రాణవాయువు అందించే సంస్థగా పరిణమించింది. సదయ్య గారు 1996లో స్టోరు బాధ్యతలనూ, 2005లో మేనేజరు బాధ్యతలనూ స్వీకరించారు. 2009 దసరాకు సంస్థకు వెబ్‌సైట్ ఏర్పడింది. దాన్ని ఎన్నాళ్లకొకసారి సరిచూడాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అస్గర్ గారు తేల్చేశారు: "అది గూడ బోర్డే కద సదయ్యా! దసరాకు బోర్డుకు రంగేస్తం, దీన్ని గూడ గప్పుడే ఒకపారి సూస్తె అయిపాయె." సదయ్య గారు సరేనన్నారు. అది తమ తప్పేనని వారే పదిమందిలో ఒప్పుకుంటారు కనుక, అభినందన వ్యాసమని మనం దాచిపెట్టడం దేనికి?

2011 మే నెలలో కార్యాలయం మార్కండేయ కాలనీకి మారింది. ఫోను నంబరూ మారింది. కొత్త బోర్డు రాయించారు, పాత షట్టరు మీద కాగితం అంటించారు, మిఠాయిలు కూడా పంచారు. వెబ్‌సైట్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. దసరా ఇంకా రాలేదు కదా!

ఆగస్టులో ఒక ముసురు రోజున నస్పూర్ వాస్తవ్యులు, విశ్రాంత కార్మికులు ఆగయ్య గారికి ఊపిరాడలేదు. కరీంనగర్‌లో చదువుకుంటున్న వారి కుమార్తె ఇంటర్నెట్ కేంద్రంలో మన పేజీ చూసి ఫోను చేసింది. నంబరు పలకలేదు. చిరునామా ఉంది కదా అని నస్పూర్‌లోనే ఉన్న మేనమామను జీపులో లక్ష్మీనగర్‌కు పంపింది. షట్టరు మూసి ఉంది. కాగితం వానకు ఎప్పుడో కొట్టుకుపోయింది. ఆయన వానలో తడుస్తూ ఆ దుకాణమూ ఈ దుకాణమూ అడిగి మన దగ్గరికి చేరేసరికి గంట గడిచింది. సదయ్య గారు సిలిండరును తామే జీపుకు ఎక్కించి వెంట వెళ్లారు. ఆగయ్య గారి పెదవులు అప్పటికే నీలంగా మారాయి. అయ్యో, ఆ గంట! దేవుడి దయవల్ల ఆయన బతికారు.

సాయంత్రానికి ఇల్లు చేరిన ఆ అమ్మాయి కృతజ్ఞతలు చెప్పలేదు. "కాకా, గా పేజీ మీదేనా?" అని అడిగింది.

"మాదే బిడ్డా."

"మీదే అయితే గట్ల అబద్ధమెందుకు చెప్పింది?"

మరునాటి నుండి సదయ్య గారి తిరుగుడు ఆ కంప్యూటరు చుట్టూ మొదలైంది. గంటకొకసారి పేజీ తెరిచి, ఎన్ని సిలిండర్లు ఉన్నాయో రాయసాగారు. పదకొండుకు నాలుగు, పన్నెండుకు రెండు, భోజనం మధ్యలో చేయి కడుక్కొని వచ్చి ఒకటి! వారి సతీమణి శోభ గారు "ఇగ గా కంప్యూటర్‌కు గూడ పొద్దుమాపు గోలీలు మింగిచ్చు" అని విసుక్కున్నారు. ఇంతచేసినా, పేజీలో కనిపించిన ఆ ఒక్క సిలిండరు కోసం బెల్లంపల్లి నుండి ఒకరు, జైపూర్ నుండి ఒకరు ఒకేసారి వచ్చి నిలబడ్డారు. ఎవరిని ఉత్తచేతులతో పంపాలి? రామగుండంలోని మరొక డీలరును బతిమాలి ఇంకొకటి తెప్పించేదాకా సదయ్య గారికి చెమటలు పట్టాయి.

ఏడాదికొకసారి మాత్రమే చూడటం ఎంత ప్రమాదమో, గంటలో మారే సంగతిని పేజీలో పెట్టడం కూడా అంతే ప్రమాదమని అప్పుడు వారికి బోధపడింది. సిలిండర్ల లెక్కను తీసేసి ‘ఫోను చేసి అడిగి బయలుదేరండి’ అని రాశారు. బొమ్మలూ రంగులూ దసరాకే వదిలేశారు. నంబరు, చిరునామా, తెరిచే వేళలు మాత్రం ప్రతి ఉదయం ఏడింటికి సరిచూసి, ఆ నంబరుకు తామే ఒకసారి ఫోను చేసి, మోగిన తరువాత పేజీ అడుగున తేదీ వేసి, ‘చూశాను. మార్పు లేదు. — సదయ్య’ అని రాయడం ఆరంభించారు. మార్పే లేనప్పుడు రాయడమెందుకని అస్గర్ గారు అడిగితే, "మారలేదని మనకెర్క సేఠ్, ఆపతిల ఉన్నోనికి ఎట్ల ఎర్కైతది?" అన్నారు. సకల జనుల సమ్మెలో బావులన్నీ ఆగిన రోజుల్లోనూ ఆ తేదీ ఆగలేదు.

గత ఫిబ్రవరిలో రాష్ట్రం ఖాయమైందన్న కబురు రాగానే చిరునామాలో ‘తెలంగాణ’ అని మార్చేద్దామని వారు తహతహలాడారు. అస్గర్ గారు ఈసారి వారి పాఠాన్ని వారికే అప్పగించారు: "ఇంక కానిది రాస్తవా? మీ నాయిన పుస్తకంల గట్లనే రాసిండా?" పాపం, నాలుగు నెలలు ఉగ్గబట్టుకున్నారు. జూన్ రెండున ఏడింటి దాకా ఆగలేక ఆరింటికే వచ్చారు. ఆ ఒక్క మాట మార్చి, ‘చూశాను. మార్పు ఉంది’ అని రాసి, కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు వారి ఫికరంతా ఒక్కటే: తాము వెళ్లిన తరువాత ఆ తేదీ ఎవరు వేస్తారు? నెల రోజులుగా సరిగా అన్నం తినడం లేదని శోభ గారు మొర పెట్టుకుంటున్నారు. సదయ్య గారూ, ఆ నాడు మిమ్మల్ని నిలదీసిన ఆగయ్య గారి బిడ్డ, చదువు ముగించుకొని రెండేళ్ల క్రితం మీ దగ్గరే పనిలో చేరింది. ఈ వ్యాసం రాస్తున్నదీ ఆమే. ఈ ఉదయం మీరు రాసిన వరుసను చదివి, దాని కింద ఆమె సంతకం పెట్టింది. మీ డ్యూటీ దిగింది కాకా, ఇగ కూసోండ్రి.

అయినా రేపు ఉదయం ఏడింటికి మీరు ఇంట్లో ఆ పేజీ తెరుస్తారని మాకు తెలుసు. తెరవండి, తేదీ ఉంటుంది. మా నాయన ఇప్పటికీ రోజూ మిమ్మల్ని తలుచుకుంటూ గాలి పీలుస్తున్నాడు. మీరూ శోభమ్మ గారూ నిండు ఆరోగ్యంతో నూరేళ్లు ఉండాలనీ, ఏ ఉదయం ఫోను చేసి ‘ఆరోగ్యం ఎట్లుంది కాకా’ అని అడిగినా ‘మార్పు లేదు బిడ్డా’ అన్న మాటే మీ నోట వినాలనీ మనసారా కోరుకుంటూ,

— హర్షిణి, ఆగయ్య బిడ్డ, నస్పూర్