పాత డబ్బా, కొత్త బోర్డు

చనిపోయిన భార్య కుట్టుమిషన్‌ను కూతురు అమ్మేసింది; అది తప్పే, అందులో వాదన లేదు. కామాటిపురాలోని వరుస గదుల చాళీలో ఆ మిషన్ ఉండిన చోట ఇప్పుడు ఏదో ఆఫీసు వదిలించుకున్న కంప్యూటరు, మూత తీసి, పాత ఇళ్లు రిపేరు చేసే భూమయ్య ఎదుట ఉంది.

"అమ్మ మిషన్ ఇచ్చి పనికిరాని భంగార్ తెచ్చినవ్."

"డబ్బా ఒక్కటే భంగార్ నాయినా. లోపలి బోర్డు కొత్తది. ఇది నడిస్తే ఇంట్లనే టైపింగ్ పని చేసుకుంట."

"నడవకుంటే?"

"తిట్టు, వింట."

"నడిచినా తిడత. కొత్తదానికి పాత డబ్బా ఎందుకు?"

"చాళీ రిపేరుకు పోతే మీరు గోడలు కూలగొడ్తరా?"

"ఎందుకు కూలగొడ్తం? గుంజలు ఊతం పెట్టి, మనుషులు లోపల ఉండంగనే దూలం మారుస్తం."

"నేను చేసింది గూడ అదే."

"బోర్డు కింద ఈ బిళ్లలెందుకు?"

"ఇనుముకు తగిలితే బోర్డు కాలిపోతది. అందుకే ఎత్తిన."

అతను వంగి, కన్ను వారగా పెట్టి చూశాడు.

"నాలుగు మూలలు సమంగ లేపినవ్. మా మేస్త్రీకి గూడ ఇంత చెయ్యి కుదరదు."

ఆమె బటన్ నొక్కింది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి.

"ఏమంటున్నది?"

"అంత మంచిగనే ఉందంటున్నది."

"మీ అమ్మ ఉంటే చాళీ అంతటినీ పిలుచుకొచ్చి చూపిస్తుండె."

"మరి నేను అమ్మింది తప్పేనా నాయినా?"

"తప్పే. కానీ ఇయ్యాల్టి సంది ఆ ముచ్చట నా నోట రాదు. నువ్వు గూడ ఎత్తకు."