తలల లెక్క

సర్కారు శిక్షణ కేంద్రంలో ఇనుము చెక్కే లేత్ మిషన్ తుడుస్తున్న మేష్టారి ముందుకు మేనల్లుడు వచ్చి నిలబడ్డాడు. ఏడాదిపాటు ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆ పూటే ఫ్యాక్టరీ పరీక్ష తప్పి వస్తున్నాడు.

"ఏరా అల్లుడూ, మొహం వేలాడేశావు?"

"అక్కడన్నీ కంప్యూటర్ మిషన్లు మామయ్యా. ఎక్కడ నొక్కాలో తెలియలేదు."

"మరి నేను నేర్పిన పని?"

"ఏం నేర్పావు? సర్కారు ఇనుమే కొనివ్వదాయె. తొడంత లావు కడ్డీని వంతులేసుకుని చెక్కి చెక్కి, బొత్తాలు కుట్టుకునే సూది చేశాం!"

మామయ్య నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు.

"ఈ పాత మిషన్లు ఏ ఫ్యాక్టరీలోనూ లేవని నీకు ముందే తెలుసా?"

"తెలుసురా."

"తెలిసే, దేశానికి పనిమంతులు కావాలని అమ్మకి కబుర్లు చెప్పి నన్ను చేర్చుకున్నావా?"

"పిల్లలు తగ్గితే కేంద్రం ఎత్తేస్తామన్నారు. నా ఉద్యోగం పోయేదిరా."

"ఫ్యాక్టరీవాళ్ళ లెక్కలో ఇక్కడ పనొచ్చినవాళ్ళే లేరట. పై దేశం నుంచి తెప్పించుకుంటారట. ఒక్కణ్ణి మాత్రం తీసుకున్నారు. మీ అబ్బాయినే."

మేష్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"వాణ్ణి కంప్యూటర్ మిషన్లు నేర్పే బళ్ళో వేశావని నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"రేపు తనిఖీ ఉందిరా. వాళ్ళు తలలే లెక్కపెడతారు. ఒక్క పూట వచ్చి నిలబడు."

"మీవాణ్ణి నిలబెట్టు," అని అల్లుడు మెట్లు దిగాడు.