నీళ్లలో గవ్వలు

పరీక్ష గొట్టంలో నీళ్లు మళ్లీ నీలంగా మారాయి. అక్వేరియం ముందు కూర్చున్న మనవరాలి వెనక నాయనమ్మ చేతులు నులుముకుంటూ నిలబడింది.

"నిన్ననే కదా మందేసి పీహెచ్ దించాను! మళ్లీ ఎలా పెరిగింది? మొన్న ఒక చేప పోయింది, ఇక ఇదీ పోతుందేమో నాయనమ్మా."

"నీలమంటే సున్నపు నీళ్లలాంటివా తల్లీ?"

"ఆ, అలాంటివే. దీనికి పడవు."

"మరి గవ్వలు కాల్చినా వచ్చేది సున్నమేగా?"

"ఏ గవ్వలు?"

"మొక్కల చాటున ఉన్నాయి. బోసిగా ఉందని నేనే వేశాను. తిడతావని చెప్పలేదు."

"అయ్యో! రోజూ నేను దించడం, అవి పెంచడం... ఇద్దరం కలిసి దాని ప్రాణం తోడేశాం కదా!"

"నువ్వేం చేశావమ్మా, అంతా నేనే. జరుగు, తీసేస్తాను."

ఆమె నీళ్లలో చెయ్యి పెట్టగానే చేప మెల్లగా ఈదుకుంటూ వచ్చి వేళ్లను తాకింది.

"చూడవే, మేత తెచ్చాననుకుంటోంది పిచ్చిది."